పాలబకెట్టు ఆగేచోటు

ఏటి వరద వీధిలోకి వచ్చి కింది కొట్టువాడి బల్లని ఎత్తుకుపోయిన ఏడాది అది. లిఫ్టు గోతిలో నీళ్ళు నిండి మోటారు పాడైంది. బురద ఎండి దుమ్మయినా మోటారుకి మాత్రం మోక్షం రాలేదు. మూడంతస్తుల వాళ్ళమూ మెట్లే ఎక్కి దిగుతున్నాం.

ఆదివారం పొద్దున్న టీచరమ్మ మా గుమ్మంలో నిలబడింది. మా పై అంతస్తు ఆమెది. మొదటి రెండుసార్లూ ఫిర్యాదు కాగితం పట్టుకుని వచ్చింది. ఈసారి వట్టి చేతులతో వచ్చింది. అంటే గొడవ ముదిరిందన్నమాట.

"మీ మామగారు ఉన్నారా?" అని కోడల్ని అడిగింది. నేను ఆమెకి ఎదురుగానే కుర్చీలో ఉన్నాను.

కోడలు కుట్టుమిషను ఆపింది. కాలు మాత్రం తొక్కుడు మీదే ఉంచింది.

"ఉన్నారు. చెప్పండి టీచరుగారూ."

"నేను చెప్పేదేముంది అమ్మాయ్, చెప్పాల్సింది మీరు. నిన్న సాయంత్రం మళ్ళీ మా బాత్‌రూము నిండా పొగ. టవలు వాసన, సబ్బు వాసన, బకెట్లో నీళ్ళు కూడా వాసనే."

"మామయ్యగారు డాబా మీదే తాగుతున్నారండీ, ట్యాంకు పక్కన. రూలు పెట్టినప్పటి నుంచి ఇంట్లో అగ్గిపెట్టె కూడా ఉంచటం లేదు. స్టవ్వు లైటరుతో వెలిగించుకుంటున్నాను."

"డాబా మీద తాగిన పొగ ఆకాశంలోకి పోతుంది. మా బాత్‌రూము కిటికీలోకి ఎలా వస్తుంది?"

"నాకేం తెలుసండీ."

"బాత్‌రూముల వెనక ఆ గాలిసందులోకి కిటికీలున్నవి మూడే ఇళ్ళు. మీది, మాది, కింద ప్రెసిడెంటుగారిది. ఆయన అగరొత్తి వాసనకే తుమ్ముతారు. ఇంక మిగిలిందెవరు?"

కోడలు నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఈ రూలు ప్రెసిడెంటు పెట్టింది. వరద తీసిన నెలకి నోటీసు రాయించి లిఫ్టు తలుపుకి అంటించాడు. లిఫ్టు నడవకపోయినా నోటీసులకి పనికొస్తోంది. మెట్ల మీద చెప్పులు వదలరాదు. బాల్కనీ కమ్మీల మీద దుప్పట్లు ఆరవేయరాదు. మధ్యాహ్నం కుట్టుమిషను తొక్కరాదు. డాబా మీద ట్యాంకు పక్కన తప్ప ఎక్కడా పొగ తాగరాదు. తుమ్మరాదని కూడా రాసేవాడేమో, కాగితం చాల్లేదు. కింద మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది: అద్దెకున్నవారి మీద మూడు ఫిర్యాదులు వస్తే ఇల్లు ఖాళీ చేయవలెను. మా ఇంటి ఓనరు అందుకు ఫోనులోనే సరేనన్నాడు.

మేం అద్దెకున్నవాళ్ళం. మా మీద రెండు ఫిర్యాదులు ఉన్నాయి.

"చూడమ్మాయ్," అంది టీచరమ్మ, గొంతు తగ్గించి. "నాకు మీ మీద కక్ష లేదు. మా ఆయన సంగతి మీకు తెలుసు. ఊపిరితిత్తి ఒక పక్క పాడైంది, కోసి తీసేస్తే రెండో పక్క నిలబడుతుందన్నారు. పోయిన నెల రక్తం తీస్తే అందులో పొగ తేలింది. ఇంట్లో ఎవరు తాగుతారమ్మా అన్నాడు డాక్టరు. ఎవరూ తాగరండీ, మా ఆయన సిగరెట్టు ముట్టి ఏడాది దాటింది అన్నాను. మరి రక్తంలోకి ఎక్కణ్ణుంచి వచ్చిందన్నాడు. కింది ఇంట్లోంచి వస్తోందండీ అని చెప్పాను."

ఆగింది.

"డాక్టరు నవ్వాడు. నన్ను చూసి నవ్వాడు అమ్మాయ్. శుక్రవారం మళ్ళీ పరీక్ష. అది కూడా తప్పితే ఆపరేషను చెయ్యలేమంటున్నారు. రేపు సాయంత్రం మీటింగులో మూడో ఫిర్యాదు ఇస్తున్నాను. వెనక నుంచి ఇచ్చిందని అనుకుంటారని ముందే వచ్చి చెబుతున్నాను."

టీచరమ్మ అప్పుడు నా వైపు తిరిగింది.

"మేస్త్రీగారూ, మిమ్మల్ని నేను ఇన్నాళ్ళూ పల్లెత్తు మాట అనలేదు."

"అనలేదు."

"మా ఆయనకి మీరు స్నేహితులు."

"అవును."

"అయినా మీకు మనసెలా ఒప్పుతోంది?"

ఆమె కాసేపు చూసి మెట్లెక్కి వెళ్ళిపోయింది. పై తలుపు మెల్లిగా వేసుకుంది. తలుపు విసిరి కొట్టే మనిషి కాదు.

కోడలు మిషను మీది బట్ట తీసి మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"మామయ్యా, ఒకసారి ఇలా రండి."

బాత్‌రూములోకి తీసుకెళ్ళింది. స్టూలెక్కి కిటికీ బయటి గట్టు మీద చెయ్యి పెట్టి తీసింది. గుప్పిట విప్పితే నాలుగైదు సిగరెట్టు పీకలు.

"నిన్న బూజు దులుపుతుంటే కనపడ్డాయి. నేనేం అనలేదు. మీ అబ్బాయికీ చెప్పలేదు. టీచరుగారి ముందు నిలబడి మీ తరఫున అబద్ధం ఆడాను. ఇప్పుడు చెప్పండి."

"నావి కావు."

"మరి నావా?"

"కావు."

"మీ అబ్బాయివా? ఆయనకి బస్సు పొగ మింగటానికే తీరదు, ఇంక ఇదొకటా?"

నేను బయటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆమె వెనకాలే వచ్చింది.

"ఈ బిల్డింగులో ఆడవాళ్ళందరి కొలతలూ నా దగ్గరున్నాయి మామయ్యా. ఎవరి భుజం ఎత్తో, ఎవరి చెయ్యి పొట్టో కళ్ళు మూసుకుని చెప్తాను. ఇంకో వీధికి పోతే నన్నెవరు నమ్మి బట్టిస్తారు? మళ్ళీ మొదట్నుంచి రవికలకి కాజాలు కుట్టుకుంటూ మొదలెట్టాలి. ఒక్క సిగరెట్టు కోసం. డాబా ఎక్కటానికి ఓపిక లేకపోతే నాతో చెప్పొద్దూ? కుర్చీ నేనే మోసుకొచ్చి వేసేదాన్ని."

"ఎక్కుతూనే ఉన్నాను."

"అయితే ఇవి ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?"

అనేసి తనే ఆగిపోయింది. పీకల వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. తర్వాత పైకప్పు వైపు చూసింది.

ఆమె బట్ట కత్తిరించే మనిషి. ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో చెప్పక్కర్లేదు.

"పైనుంచా?" అంది, నోట్లోనే.

నేను పీకలు ఆమె చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకున్నాను.

"మీకు తెలుసు." ఈసారి గొంతు పెరిగింది. "మీకు మొదట్నుంచీ తెలుసు."

పై ఇంటి గార్డు, అంటే టీచరమ్మ వాళ్ళాయన, సంగతి నాకు తెలిసింది పాలబకెట్టు వల్ల.

లిఫ్టు ఆగాక అందరూ బాల్కనీల్లోంచి తాడు కట్టి బకెట్టు దించటం మొదలుపెట్టారు. కొట్టువాడు అందులో పాలప్యాకెట్లో, రొట్టో పెట్టి తాడు ఒక గుంజు గుంజుతాడు. పైనుంచి లాగేసుకుంటారు. టీచరమ్మ ఇంట్లో ఆ పని వాళ్ళాయనది. ఉద్యోగమంతా గూడ్సు బండి చివరి పెట్టెలో గార్డుగా తిరిగిన మనిషి. ఇప్పుడు ఇంటి నుంచి గేటు దాకా నడిచే ఊపిరి లేదు. ఆ బకెట్టు లాగటం ఒక్కటీ ఎవరికీ ఇవ్వనన్నాడు. "నా డ్యూటీ" అన్నాడు.

ఒక్క ఊపులో లాగలేడు. కింది ప్రెసిడెంటు కమ్మీ దగ్గర ఒకసారి ఆపుతాడు. మా కమ్మీ దగ్గర ఇంకొంచెం సేపు ఆపుతాడు. అప్పుడు బకెట్టు నేను పట్టుకుంటాను, ఆయన చేతులు తేలికపడేలా. "చివరి స్టేషనుకి ముందు మీ ఇంటి దగ్గర హాల్టు, మేస్త్రీ," అనేవాడు పైనుంచి. ఊపిరి అందేదాకా ఏవో రెండు మాటలు. ఎండ గురించో, మోకాళ్ళ గురించో. తర్వాత తాడు కదిలేది. మా స్నేహమంతా ఆ హాల్టులోనే. ఆయన మొహం చూసిన రోజులకంటే బకెట్టు చూసిన రోజులు ఎక్కువ.

పట్టుకున్న బకెట్టులోకి చూడకుండా ఎలా ఉంటాం. ఒకరోజు పాలప్యాకెట్ల కింద సిగరెట్టు పెట్టె కనపడింది. ఆయనకీ తెలుసు నేను చూశానని. ఆ రోజు హాల్టులో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత రోజు మళ్ళీ ఎండ గురించి మాట్లాడుకున్నాం.

మధ్యాహ్నం మా అబ్బాయి డ్యూటీ దిగి అన్నానికి వచ్చాడు. వాడు సిటీ బస్సు నడుపుతాడు. కోడలు కంచం పెట్టి టీచరమ్మ వచ్చిన సంగతి చెప్పింది. పీకల సంగతి చెప్పలేదు. నా వైపు చూసింది, మీరు చెప్తారా లేదా అన్నట్టు.

వాడు రెండు ముద్దలు తిని, "నాన్నా, పోనీ ఒప్పేసుకో," అన్నాడు.

"ఏం ఒప్పుకోమంటావు?"

"ఏదో ఒకటి. పెద్దవాణ్ణి, పొరపాటయింది, ఇంక తాగనని చెప్పెయ్యి. పెద్దవాళ్ళు తగ్గితే ఎవరైనా తగ్గుతారు."

"ఒప్పుకుంటే మూడోది అయిపోయినట్టే," అంది కోడలు. "తగ్గటం కాదు, సామాను సర్దుకోవటమే."

"ఒప్పుకోకపోతే మాత్రం?"

"ఒప్పుకోకుండా ఉండటానికి దారి ఉంది. మీ నాన్నగారు నోరు విప్పితే."

వాడు ఇద్దరి మొహాలూ చూశాడు. బస్సులో ఇద్దరు ప్రయాణికులు ఒకే సీటు నాదంటే నాదన్నప్పుడు ముందుకి చూస్తూ నడుపుతాడే, అలా కంచంలోకి చూస్తూ అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు.

"నేను ఇప్పుడే పైకెళ్ళి చెప్పేస్తాను," అంది కోడలు, వాడు మెట్లు దిగాక.

"ఆగమ్మా."

"ఎందుకు ఆగాలి?"

"ఆయన చేత చెప్పిస్తాను."

"చెప్పకపోతే?"

"రేపు పొద్దున్న దాకా ఆగు."

మాట అయితే అనేశాను.

సాయంత్రం టీచరమ్మ వీధి చివర పిల్లలకి పాఠం చెప్పటానికి వెళ్తుంది. ఆమె చెప్పుల చప్పుడు మా గుమ్మం దాటి కిందికి పోయాక నేను మెట్లెక్కాను.

గార్డు బాల్కనీలో వాలుకుర్చీలో ఉన్నాడు. కాళ్ళ దగ్గర తాడు చుట్ట, పక్కన బకెట్టు బోర్లించి ఉంది. రంగుల మేస్త్రీని కాబట్టి ఆ బాల్కనీ గోడకి ఆకుపచ్చ రంగు వేసింది నేనే. గార్డు ఊపే పచ్చజెండా రంగు కావాలన్నాడు. రెండు కోటింగులు వేశాను.

"రా మేస్త్రీ. లైను క్లియరు. ఆవిడ బయల్దేరింది."

నేను కూర్చోలేదు. జేబులోంచి పీకలు తీసి చూపించాను.

చూశాడు. తనవని అనలేదు, కాదని అనలేదు.

"కిటికీలోంచి విసిరేవాణ్ణి. అడుక్కి పోతాయనుకున్నాను."

"మా గట్టు మీద ఆగుతున్నాయి."

"అక్కడా హాల్టేనా," అని నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. అది ఆగేదాకా నిలబడ్డాను. దగ్గిన ప్రతిసారీ కుర్చీ కూడా కిర్రుమంది.

"శుక్రవారం పరీక్షట," అన్నాను.

"ఆవిడ చెప్పిందా?"

"మా కోడలికి చెప్పింది."

"మానేస్తాను. రేపట్నుంచి మానేస్తాను."

"పోయిన నెలా మానేశారు."

"నువ్వు మానెయ్యి చూద్దాం. నువ్వూ తాగేవాడివేగా. నీకు తెలీదా ఇది ఎలా పట్టుకుంటుందో."

"నన్నెవరూ కొయ్యబోవటం లేదు గార్డుగారూ."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఆవిడకి చెప్పండి," అన్నాను.

"ఏమని?"

"ఉన్నదే."

"తిడుతుందని భయం కాదయ్యా. తిట్టదు. అదే వచ్చిన చిక్కు. నోటీసు పెట్టిన రోజు మీటింగులో అందరి ముందూ లేచి నిలబడింది, మా ఆయన ముట్టి ఏడాది దాటింది, ఇంత కష్టపడి మానేసిన మనిషికి మీరంతా సాయం చెయ్యండి అంది. డాక్టరు నవ్వితే ఆయనతో పోట్లాడింది. ఇంటికొచ్చి నాకు నీళ్ళు కాచి ఇచ్చింది. ఇప్పుడు నేను ఏ నోటితో చెప్పను?"

"ఆపరేషను చెయ్యలేమంటే?"

"చెయ్యకపోతే చెయ్యకపోయారు. ఉన్నన్నాళ్ళు ఉంటాను."

"ఆ మాటైనా ఆవిడతో అనండి."

కాసేపు తాడు చుట్ట విప్పి మళ్ళీ చుట్టాడు. వేళ్ళ కొసలు పచ్చబడి ఉన్నాయి. నా వేళ్ళూ అంతే.

"మేస్త్రీ, ఒక మాటంటాను, ఏమనుకోకు. నువ్వు ఒప్పేసుకో."

పొద్దుట్నుంచి అది రెండోసారి వినటం.

"బాత్‌రూములో తాగానని ఒప్పేసుకో. నువ్వు తాగుతావని అందరికీ తెలుసు. నీకు కొత్తగా పోయే పరువేముంది?"

"ఇల్లు పోతుంది."

"అద్దె ఇల్లేగా. ఇంకోటి దొరక్కపోతుందా."

అన్నాక తనే తల దించుకున్నాడు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటాడేమోనని కొంచెంసేపు చూశాను.

పీకలు మళ్ళీ జేబులో వేసుకుని కిందికి వచ్చేశాను. "మేస్త్రీ" అని ఒకసారి పిలిచాడు. మెట్ల మలుపు దగ్గర వినపడింది. నేను దిగుతూనే ఉన్నాను.

కోడలు మిషను మీద గుడ్డ కప్పి, దీపం వెయ్యకుండా కూర్చుని ఉంది.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఆయన చెప్తానన్నారా?"

చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాను. అవి సరిగ్గానే ఉన్నా ఇంకోసారి సర్దాను.

"అర్థమైంది," అంది. "రేపు పొద్దున్న దాకా అన్నారు. పొద్దున్న దాకా నోరు మూసుకుంటాను. తర్వాత నేనే వెళ్తాను. టీచరుగారు ఏడ్చినా సరే, బిల్డింగంతా చేరినా సరే. నాకూ ఏడుపు వచ్చు."

అన్నం పెట్టింది. మామూలుగానే అడిగి అడిగి వడ్డించింది. అదే కష్టంగా ఉంది.

మర్నాడు వెలుతురు రాగానే బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. కోడలు అప్పటికే మిషను ముందు కూర్చుంది. తొక్కటం లేదు.

బకెట్టు మా ముందు నుంచే కిందికి దిగింది. కొట్టువాడు పాలప్యాకెట్లు వేశాడు. అటూ ఇటూ చూసి ఇంకేదో వేశాడు. తాడు గుంజాడు.

బకెట్టు లేచింది. ప్రెసిడెంటు కమ్మీ దగ్గర ఆగింది. మళ్ళీ కదిలింది. మా దగ్గరికి వచ్చి ఆగింది. పట్టుకున్నాను.

"కోపం వచ్చిందా మేస్త్రీ?" పైనుంచి గార్డు గొంతు, రోజూకంటే చిన్నగా. "నిన్న ఏదో అనేశాను."

ప్యాకెట్ల కింద చెయ్యి పెట్టాను. పెట్టె తగిలింది. బయటికి తీశాను.

జేబులో వేసుకుందామనే తీశాను. శుక్రవారం దాకా రోజూ ఈ హాల్టులో ఆ సరుకు దించేద్దామనుకున్నాను. రాత్రంతా ఆలోచిస్తే తట్టింది అంతే.

బకెట్టు కదలిక ఆయనకి తాడులో తెలిసిపోయినట్టుంది. "అది ఉండనీ," అన్నాడు. "ఇదొక్కటే. ఇదే ఆఖరు. ఉండనీ మేస్త్రీ."

పైన తలుపు గొళ్ళెం తీసిన చప్పుడైంది.

"మళ్ళీ ఆయాసం తెచ్చుకుంటున్నారా?" టీచరమ్మ గొంతు. "ఇలా ఇవ్వండి, నేను లాగుతాను."

"వద్దొద్దు, నా డ్యూటీ..."

"శుక్రవారం దాకా మీకు సెలవు. ఇవ్వండంటుంటే."

తాడు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది. కింద నా చేతికి తెలిసింది. వణుకు పోయి బిగువు వచ్చింది.

"మేస్త్రీగారూ, బకెట్టు పట్టుకున్నారా?" అంది టీచరమ్మ. కోపంగా అనలేదు. పొద్దున్నే పొరుగువాళ్ళతో అనే మాటలాగే అంది. "వదిలెయ్యండి."

పైనుంచి గార్డు ఊపిరి వినపడుతోంది. పెట్టె నా గుప్పిట్లో ఉంది. వెనక్కి చూస్తే కోడలు లేచి నిలబడి ఉంది.

పెట్టెని బకెట్టులో పెట్టాను. కింద పెట్టలేదు. పాలప్యాకెట్ల మీద, హెచ్చరిక బొమ్మ పైకి కనపడేలా పెట్టాను.

వదిలేశాను. తాడు ఎక్కడా ఆగకుండా పైకి వెళ్ళింది.